కాలువ వంతెనల అదురు కొలిచి రాసిపెట్టండి

హనుమాన్ జంక్షన్,
కృష్ణా జిల్లా.

రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ మంత్రి శ్రీ బి.సి. జనార్దన్ రెడ్డి గారికి,



కొత్త వంతెన మంజూరు చేయమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. ఉన్నవాటి గురించే రాస్తున్నాను. కృష్ణా డెల్టాలో బరువు బండ్లు నడిచే ప్రతి వంతెన అదురునూ, అది బాగున్న ఈ రోజుల్లోనే కొలిపించి, ఆ లెక్కను భద్రంగా రాసిపెట్టించండి. వరద వచ్చి వెళ్ళిన ప్రతిసారీ, లారీలను మళ్ళీ వదిలే ముందు, అదే అదురును ఇంకోసారి కొలిపించి పాత లెక్క పక్కన పెట్టి చూడమనండి. నేను కోరేది ఇంతే. ఇది ఎందుకు కావాలో, ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో కూడా చెబుతాను. పనికిరాని చోట పనికొస్తుందని చెప్పి శాఖ చేత డబ్బు ఖర్చు పెట్టించడం నాకిష్టం లేదు.

నేను ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో టర్బైన్ మెయింటెనెన్స్ చూసి రిటైరైనవాణ్ణి. సివిల్ ఇంజనీరును కాను. అయితే అదురును కొలవడం, దాన్ని చదవడం నా వృత్తి. నిమిషానికి 3000 చుట్లు తిరిగే రోటరును లోపలికి వెళ్ళి చూడలేం. బయట బేరింగు మీద అదురు చూసే లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలి. రోటరులో పగులు మొదలైతే అది ఏ వేగం దగ్గర గట్టిగా ఊగుతుందో ఆ వేగం కాస్త కిందికి జరుగుతుంది. కాస్త జరిగిందని తెలియాలంటే ముందు ఎక్కడుండేదో తెలియాలి. అందుకే యూనిట్‌ను మొదటిసారి నడిపిన రోజుల రీడింగులను కంటికి రెప్పలా చూసుకునేవాళ్ళం. నిన్నటి అంకె లేకపోతే ఇవాళ్టి అంకెకు అర్థం ఉండదు. ఆ హాల్లో నేర్చుకున్న మొదటి సంగతి ఇదే, ఈ లేఖకు మూలం కూడా ఇదే.

మా ఊరి సంగతి మీకు తెలిసిందే. మద్రాసు నుంచి కలకత్తా పోయే హైవేని, నూజివీడు నుంచి బందరు వైపు దిగే రోడ్డు కోసే చోట పుట్టిన కూడలి ఇది. ఇప్పుడు హైవే బండ్లు బైపాస్ మీద పోతున్నాయి గానీ మెట్ట నుంచి డెల్టాలోకి దిగే సరుకుకు ఇప్పటికీ దారి ఇదే. ఎగువ నుంచి మామిడి, పామాయిల్ గెలలు, గ్రావెల్, మల్లవల్లి పారిశ్రామికవాడ సామాను. దిగువ నుంచి ధాన్యం, చేపలు, రొయ్యలు. ఎటు పోయే లారీ అయినా దిగువకు వెళ్ళిందంటే ఏదో ఒక కాలువ దాటక తప్పదు: ఏలూరు కాలువ, రైవస్ కాలువ, పుల్లేరు, బంటుమిల్లి, పోల్‌రాజ్. వాటి పిల్ల కాలువలు, మురుగు కాలువలు సరేసరి.

బెజవాడ దగ్గర మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది. అక్కడి నుంచి అల్లుకున్న ఈ కాలువల మీద వంతెనలు ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో కట్టినవి. కొన్ని ఎద్దుబండిని తలచుకుని కట్టినవి, కొన్ని ఎనిమిది పది టన్నుల లారీని తలచుకుని కట్టినవి. 2018లో కేంద్రం మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. రాత్రికి రాత్రి చట్టం మారితే లారీ మారింది. దాని కింద ఉన్న వంతెన మాత్రం నిన్నటిదే. పరిమితి దాటి నింపుకుని పోయే టిప్పర్ల మాట నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇక అదురు సంగతి. ప్రతి కట్టడానికీ తనదైన ఊగే వేగం ఒకటుంటుంది. లారీ వెళ్ళినా, గాలి తోసినా, సుత్తితో కొట్టినా, వదిలేశాక అది తన వేగంతోనే ఊగి సద్దుమణుగుతుంది. ఇరవై మీటర్ల కాంక్రీటు ఖానా సుమారుగా సెకనుకు ఐదారుసార్లు ఊగుతుంది, ముప్పై మీటర్లది నాలుగుసార్లు. ఆ వేగాన్ని నిర్ణయించేవి రెండు: కట్టడం బిగువు, దాని బరువు. బిగువు సడలితే వేగం తగ్గుతుంది, బరువు పెరిగినా తగ్గుతుంది. బెజవాడ స్టేషన్లో రైలు ఆగగానే పొడుగు సుత్తి పట్టుకుని చక్రం చక్రమూ తట్టుకుంటూ పోయే మనిషిని మా వయసువాళ్ళంతా చూశాం. పగిలిన చక్రం పలుకు వేరుగా ఉంటుంది. అతను చెవితో చేసిన పనినే ఇప్పుడు అరచేతిలో ఇమిడే యాక్సిలరోమీటరు చేస్తుంది. చెవికి అందని మెల్లని ఊపును కూడా అది పట్టుకుంటుంది.

జనం తరచుగా పొరబడే చోటు ఒకటుంది. వంతెన మీద ఆగి నిలబడితే, పక్కనుంచి లారీ పోయినప్పుడు కాళ్ళ కింద శ్లాబు అదురుతుంది. అది చూసి వంతెన పని అయిపోయిందంటారు. పొడవైన ఖానా, పలుచని గర్డరు అయితే మంచి వంతెన కూడా అలాగే అదురుతుంది. కాలుకు ఏ కదలికా తెలియని పాత ఇటుక ఆర్చి కింద పునాది డొల్లబడి ఉండనూవచ్చు. ఎంత అదిరిందన్నది ప్రమాదాన్ని చెప్పదు. అదిరే తీరు మారిందా అన్నదే చెబుతుంది. ఆ మార్పు కంటికీ కాలికీ తెలియదు, రాసిపెట్టిన అంకెకే తెలుస్తుంది.

గుజరాత్‌లో మహీసాగర్ నది మీద గంభీర వంతెన సంగతి మీరు వినే ఉంటారు. 1985లో కట్టారు. 2025 జులై 9 ఉదయం ఒక ఖానా తెగి, బండ్లు నదిలో పడి, ఇరవై మందికి తక్కువ కాకుండా ప్రాణాలు పోయాయి. ఆ వంతెన అదురుతోందని ముందే ఫిర్యాదులు వెళ్ళాయని పత్రికలు రాశాయి. ఆ ఫిర్యాదును విన్న ఇంజనీరు స్థానంలో నన్ను నేను పెట్టుకుని ఆలోచించాను. 'అదురుతోంది' అని ఒక మనిషి చెబితే అతను ఏం చేయగలడు? అన్ని వంతెనలూ అదురుతాయి. ఇదివరకు ఎంత, ఇప్పుడు ఎంత అని చూపించే కాగితం ఉంటే ఆ మాట ఫిర్యాదుగా మిగిలిపోదు, సాక్ష్యమవుతుంది. బండ్లు ఆపమని పై అధికారికి రాసే ధైర్యం కూడా ఆ కాగితమే ఇస్తుంది.

అదురు కొలిస్తే సమస్తం తెలిసిపోతుందని చెప్పే కంపెనీలు మీ ఆఫీసుకు వస్తాయి. వాళ్ళు చూపించని రెండు ప్రయోగాలు చెబుతాను.

అమెరికాలో అల్బుకర్కీ దగ్గర రియో గ్రాండే మీద ఒక హైవే వంతెనను 1993లో కూల్చబోతూ, లాస్ అలమోస్ శాస్త్రవేత్తలు దాని మీద ఒక పరీక్ష చేశారు. మనిషి ఎత్తును మించిన ఉక్కు గర్డరును గ్యాస్ కట్టరుతో నాలుగు దఫాలుగా కోశారు. ఒక్కో కోత తర్వాతా అదురు కొలిచారు. మొదటి మూడు కోతలకూ ఊగే వేగం చెప్పుకోదగ్గట్టు మారలేదు. నాలుగో కోతలో కింది పట్టీ పూర్తిగా తెగాకే వేగం దాదాపు ఏడు శాతం పడిపోయింది. అంటే ఒక గర్డరు సగం తెగినా ఆ అంకె మౌనంగానే ఉండిపోయింది. వంతెన బరువును పక్క గర్డరు పంచుకోవడం అందుకు ఒక కారణం. ఇంకొక కారణమూ ఉంది. బిగువు పదిశాతం పోతే వేగం ఐదు శాతమే తగ్గుతుంది, దాని లెక్క వర్గమూలాన్ని బట్టి నడుస్తుంది.

స్విట్జర్లాండ్‌లో జడ్-24 అనే వంతెన మీద చేసింది రెండో పరీక్ష. 1997 చివరి నుంచి 1998 దాకా, కూల్చేముందు, నెలల తరబడి అదురు రాసుకున్నారు. చలికి రోడ్డు మీది తారు గడ్డకట్టి బిగుసుకుంటే వేగం పది శాతానికి పైగా పెరిగింది. ఏ దెబ్బా తగలకుండానే అంత తేడా వచ్చింది. తర్వాత కావాలనే ఒక దిమ్మెను కొద్దికొద్దిగా, 95 మిల్లీమీటర్ల దాకా కిందికి దించారు. దానివల్ల వచ్చిన తేడాను వాతావరణపు తేడా నుంచి విడదీయడానికి అంతకుముందు నెలల లెక్కలన్నీ అవసరమయ్యాయి.

మనకు తారు గడ్డకట్టే చలి లేదు. అయినా మన తిప్పలు మనకున్నాయి. మే నెల మధ్యాహ్నం శ్లాబు వేడెక్కి బేరింగులు బిగుసుకున్నప్పటి అంకె, జనవరి తెల్లవారుజామున వచ్చే అంకె ఒకటి కావు. రోడ్డు పాడైనప్పుడల్లా పాత తారు గీకకుండా పైన ఇంకో పొర వేస్తాం. ఆ బరువుకు వంతెన చెడకుండానే దాని వేగం తగ్గుతుంది. కాలువ నిండుగా పారేటప్పుడు దిమ్మె చుట్టూ ఉన్న నీళ్ళు కూడా దాంతోపాటు కదలాలి కాబట్టి అది ఇంకాస్త మెల్లగా ఊగుతుంది. కాలువ కట్టేసిన వేసవిలో నల్లరేగడి ఎండి బీటలు తీస్తే, అదే నేల తడిసి ఉబ్బినప్పటి పట్టు దానికి ఉండదు. అందుకని ఒక్క రీడింగు చాలదు. కాలువలు కట్టేసినప్పుడు ఒకటి, నీళ్ళు నిండుగా వదిలాక ఒకటి, శీతాకాలంలో ఒకటి తీయాలి. తీసిన రోజు ఎండ ఎంత, నీటి మట్టం ఎంత, తారు పొర మందం ఎంత అన్నవి పక్కనే రాయాలి. ఈ పని రెండు మూడేళ్ళు ఓపికగా చేస్తేగాని ఏది మామూలు తేడానో, ఏది కాదో తేలదు.

ఇన్ని ఇబ్బందులుంటే మరి ఎందుకు అడుగుతున్నానంటే, డెల్టాలో వంతెనకు అసలు శత్రువు గర్డరులో పగులు కాదు. దిమ్మె కింద నీటి కోత. అక్కడ మాత్రం అదురు చాలా గట్టిగా మాట్లాడుతుంది.

స్థూలంగా ఒక లెక్క చూడండి. నేల పట్టు నుంచి పైకి ఆరు మీటర్లు నిలబడి, నెత్తిన శ్లాబు మోస్తున్న దిమ్మె ఒకటి ఉందనుకుందాం. వరద దాని అడుగున ఒకటిన్నర మీటరు మట్టి కోసుకుపోయింది. ఇప్పుడు పట్టు లేకుండా నిలబడ్డ ఎత్తు ఏడున్నర మీటర్లు. అడ్డంగా తోస్తే వంగే గుణం ఎత్తు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి దాని ఊగే వేగం వందకు డెబ్బై రెండు దగ్గరికి పడిపోతుంది. గర్డరులో పెద్ద పగులుకు ఏడు శాతం కదిలే అంకె, పునాది కోతకు దాదాపు ముప్పై శాతం కదులుతుంది. ఎండ తేడా, తారు పొర తేడా ఇంత పెద్ద మార్పును దాచలేవు. పైగా ఈ కోత ఎవరికీ కనిపించదు. వరద తగ్గేటప్పుడు కొత్త ఇసుక, ఒండ్రు వచ్చి ఆ గుంతలో నిండుకుంటాయి. మనిషి దిగి కాళ్ళతో తడిమినా నేల ఉన్నట్టే ఉంటుంది. ఆ వదులు ఒండ్రుకు దిమ్మెను పట్టుకునే బలం ఉండదు. కంటినీ కాలినీ మోసం చేసే ఈ గుంతను అదురు ఇట్టే పట్టేస్తుంది.

జపాన్ రైల్వేవాళ్ళు దీన్ని ఎప్పటినుంచో చేస్తున్నారు. వరద తగ్గాక 30 కిలోల ఇనుప గుండును తాడుకు వేలాడదీసి దిమ్మె పైభాగానికి తాకిస్తారు. దిమ్మెకు బిగించిన సెన్సరు ఆ ఊపును రాసుకుంటుంది. వచ్చిన వేగాన్ని ఆ దిమ్మెకు ముందే రాసిపెట్టిన వేగంతో భాగిస్తారు. ఫలితం 0.7 కన్నా తక్కువైతే ఆ దిమ్మె దెబ్బతిన్నట్టు లెక్క. దీనికి ఖరీదైన కేబుళ్ళూ ఉపగ్రహాలూ అక్కర్లేదు. ఒక గుండు, ఒక తాడు, ఒక సెన్సరు, ఒక పాత అంకె ఉంటే చాలు. నాలుగిట్లోనూ మన దగ్గర లేనిది ఆ చివరిదే. మూడు వస్తువులు రేపు కొనగలం, పాత అంకెను రేపు కొనలేం.

మన తెలుగు నేల మీద నీళ్ళు పునాదులకు ఏం చేశాయో మనకు తెలుసు. మేడిగడ్డ బ్యారేజీని 2019 జూన్‌లో ప్రారంభించారు. 2023 అక్టోబరు 21 సాయంత్రం దాని ఏడో బ్లాక్‌లో పియర్లు కుంగి పైనున్న వంతెన వంగిపోయింది. రాఫ్టు కింద ఇసుక జారిపోవడాన్ని జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ నిపుణులు కారణాల్లో ఒకటిగా చెప్పారు. ఇసుక ఒక్క సాయంత్రంలో జారిపోలేదు. అది జారుతున్నన్నాళ్ళూ పైన అంతా మామూలుగానే ఉంది.

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజరు పడిపోయింది. రేపల్లెలో బయల్దేరి సికింద్రాబాదు పోయే బండి. తెగిన చెరువు నీళ్ళు చిన్న వంతెనను కోసుకుపోయి, వందమందికి పైగా చనిపోయారు. డెల్టా మనుషులు ఎక్కే బండి కాబట్టి ఆ పేరు వింటే ఇప్పటికీ ఇక్కడ గుండె జారుతుంది. అదురు పరీక్ష ఉంటే అది ఆగేదని నేను అనను. గంటల్లో వచ్చి గంటల్లో కోసుకుపోయే నీటికి అడ్డంగా నిలిచేవి మనిషి గస్తీ, నీటి మట్టం కొలిచే పరికరం, రైలును ఆపే ఫోను. 2024 సెప్టెంబరు 1 తెల్లవారుజామున కేసముద్రం, ఇంటికన్నె మధ్య కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడినప్పుడు ఆదుకున్నది మనిషి గస్తీయే. అదురు పరీక్ష పని ఆ మర్నాడు మొదలవుతుంది. నీళ్ళు తీశాయి, రోడ్డు పైకి బాగానే కనిపిస్తోంది, అవతల పాల వ్యాను, అంబులెన్సు, ధాన్యం లారీ ఎదురుచూస్తున్నాయి. వదలాలా వద్దా? ఆ క్షణంలో ఏఈ గారి చేతిలో ఒక అంకె ఉండాలి.

అదే వరదలో, సెప్టెంబరు 2న, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్ళు దిగాయి. 1957లో అందుబాటులోకి వచ్చిన ఆ బ్యారేజీ అంత నీటిని అదివరకు చూడలేదు. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన భారీ పడవలు 67, 69, 70 నంబరు గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. విరిగిన కాంక్రీటు కౌంటర్ వెయిట్ల స్థానంలో ఉక్కువి పెట్టించిన గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారిని, రోజుల తరబడి పడవలను లాగిన మనుషులను రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. వాళ్ళకు ఈ డెల్టా రుణపడి ఉంది. కౌంటర్ వెయిట్ విరిగితే కనిపిస్తుంది. టన్నుల బరువున్న పడవ అంత ప్రవాహంలో వచ్చి గుద్దినప్పుడు దిమ్మెకు తగిలిన దెబ్బ మాత్రం కనిపించదు. డెబ్బై ఖానాలున్న కట్టడంలో పరీక్షకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. దిమ్మెలన్నీ దాదాపు ఒకే కొలత. పాత అంకెలు లేకపోయినా పక్కపక్క దిమ్మెల అంకెలను పోల్చవచ్చు. అన్నీ ఒక తీరుగా ఉండి ఒకటి మాత్రం తక్కువ పలికితే అక్కడికి డైవర్లను దించాలి. బ్యారేజీ జలవనరుల శాఖది. మంత్రి శ్రీ నిమ్మల రామానాయుడు గారు కాలువ గట్ల మధ్య పెరిగిన పాలకొల్లు మనిషి. ఈ లేఖ ప్రతిని ఆయనకు కూడా పంపుతున్నాను.

పంపడానికి ఇంకో కారణముంది. కాలువ మీద వంతెన ఎవరిది అన్న ప్రశ్న డెల్టాలో తేలికైనది కాదు. రోడ్డు ఒక శాఖది, కాలువ ఇంకో శాఖది, గట్టు దిగాక ఊళ్ళోకి పోయే దారి పంచాయతీరాజ్‌ది, హైవే అయితే కేంద్రానిది. కేంద్రం 2016 అక్టోబరులో ఐబీఎంఎస్ పేరుతో జాతీయ రహదారుల వంతెనలను లెక్కపెట్టి ఒక్కొక్కదానికి నంబరు, అక్షాంశ రేఖాంశాలు ఇచ్చింది. మంచి పని. పుల్లేరు మీద లారీలు నడిచే వంతెనకు అలాంటి నంబరు ఉండాలి. దాని పక్కన అదురు అంకెల కోసం ఒక గడి ఉండాలి. ఏ శాఖ వంతెన అయినా ఒకే పుస్తకంలో ఉండాలి. వరద శాఖలు చూసి రాదు.

లోడ్ టెస్టు ఉంది కదా అని మీ ఇంజనీర్లు అంటారు. ఉంది, అది అవసరమే. ఇసుక నింపిన లారీలను ఖానా మీద 24 గంటలు నిలబెట్టి, ఎంత దిగిందో, బరువు తీశాక ఎంత తిరిగి లేచిందో చూస్తారు. మామూలు కాంక్రీటైతే 75 శాతం, ప్రీస్ట్రెస్డ్ అయితే 85 శాతం తిరిగి రావాలి. శ్లాబు, గర్డరు బలం తేల్చడానికి అంతకన్నా నమ్మకమైన పరీక్ష లేదు. దానికి రోజుల తరబడి రోడ్డు కట్టేయాలి. వరద తర్వాత వందల వంతెనల మీద అది జరిగే పని కాదు. పైగా నిలబడి ఉన్న బరువు నిటారుగా కిందికి నొక్కుతుంది. పక్క నుంచి నీళ్ళు తోసినప్పుడు దిమ్మె నిలుస్తుందా అన్నది దానివల్ల తెలియదు. అదురు పరీక్షలో తేడా తేలిన వంతెనకే లోడ్ టెస్టు పెడితే రెండూ సరిగ్గా వాడుకున్నట్టవుతుంది.

ఈమధ్య ఇంకో మాట వినిపిస్తోంది: సెన్సర్లు ఎందుకు, బస్సులో ఫోను పెడితే చాలదా అని. 2022లో ఎంఐటీ పరిశోధకులు గోల్డెన్ గేట్ వంతెన మీద కార్లలో పెట్టిన ఫోన్ల రీడింగుల నుంచి ఆ వంతెన ఊగే వేగాలను రాబట్టారు. నిజంగా అందమైన పని. మన ఆర్టీసీ బస్సులు అవే కాలువలను రోజంతా దాటుతుంటాయి కదా అని నాకూ ఆశ కలిగింది. లెక్క వేసి చూస్తే కుదరలేదు. గోల్డెన్ గేట్ మధ్య ఖానా 1280 మీటర్లు, కారు దాని మీద నిమిషానికి పైగా ఉంటుంది. మన ఇరవై మీటర్ల ఖానాను గంటకు నలభై కిలోమీటర్లతో పోయే బస్సు రెండు సెకన్లలోపే దాటేస్తుంది. అంత కొద్ది సమయంలో రాసుకున్న ఊపు నుంచి వేగాన్ని సెకనుకు అర ఊపు కన్నా నాణ్యంగా తేల్చలేం. అది అసలు అంకెలో దాదాపు పదోవంతు. పైగా బస్సు స్ప్రింగుల సొంత ఊపు ఒకటి దానికి కలుస్తుంది. పెద్ద నది వంతెనల మీద ఇది పనికి రావచ్చు. కాలువ వంతెనకు మాత్రం సెన్సరును శ్లాబు మీదా దిమ్మె మీదా పెట్టి, పదిహేను నిమిషాలు కదలకుండా ఉంచి, వచ్చిపోయే బండ్ల అదురునే రాసుకోవాలి. రోడ్డు ఆపనక్కర్లేదు.

పాత ఇటుక, రాతి ఆర్చీల గురించి ఒక హెచ్చరిక. అవి చాలా బిగువుగా ఉంటాయి, వాటి ఊపు చిన్నది, వేగం ఎక్కువ. వాటి అంకెలను చదవడానికి అనుభవం కావాలి, తప్పు చదివే ప్రమాదమూ ఎక్కువే. వాటిని మొదటి విడతలో కలపకండి. మనిషి కిందికి దిగి కీళ్ళు, నీటి మట్టపు గుర్తు, రాళ్ళ మధ్య సున్నం చూసి రాయడమే వాటికి ఇప్పటికి మంచి పరీక్ష.

మనుషులు ఎక్కడున్నారు అంటే, ఇక్కడే ఉన్నారు. నూజివీడు ట్రిపుల్ ఐటీలో సివిల్, ఎలక్ట్రానిక్స్ విభాగాలున్నాయి. తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది. బెజవాడ, గుడ్లవల్లేరు, భీమవరం ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. చివరి ఏడాది ప్రాజెక్టుల కోసం ఇంటర్నెట్‌లో దొరికిన లెక్కలను మళ్ళీ చేసే పిల్లలకు ఒక్కో జట్టుకు నాలుగు వంతెనలు అప్పజెప్పండి. చెన్నైలోని స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ రీసెర్చ్ సెంటరు కేంద్ర సంస్థ, వంతెనల పరీక్షల్లో దానికి పేరుంది. సెన్సరు ఎక్కడ బిగించాలి, ఎంతసేపు రాయాలి, ఏ తీరున భద్రపరచాలి అన్న పద్ధతిని వాళ్ళ చేత రాయించి తెలుగులో అచ్చు వేయించండి. డీఈ, ఏఈలకు పరికరం ఇచ్చేముందు చదవడం నేర్పించాలి. పరికరం కొని, చదివేవాణ్ణి పెట్టకపోతే ఆ పెట్టె స్టోర్ రూములో బూజు పడుతుంది. ఫ్యాక్టరీల్లో అది నా కళ్ళతో చూశాను.

కొత్త వంతెనల విషయంలో మనం ఎంతో అదృష్టవంతులం, ఆ అదృష్టాన్ని వదులుకోకూడదు. చినఆవుటపల్లి దగ్గర మొదలయ్యే విజయవాడ పశ్చిమ బైపాస్ కోసం కృష్ణ మీద పొడవైన వంతెన కట్టారు. మల్లవల్లికి, నూజివీడుకు రోడ్లు వెడల్పవుతున్నాయి, కాలువల మీద పాతవి తీసి కొత్తవి కడుతున్నారు. పునాదులు గట్టిగా ఉన్నాయని, కాంక్రీటు బాగుందని మనకు ఖాయంగా తెలిసే రోజు వంతెన జీవితంలో మొదటి రోజే. ఆ రోజు అంకె తీయకపోతే తర్వాత ఎంత ఖర్చుపెట్టినా రాదు. కాంట్రాక్టరుకు చివరి బిల్లు చెల్లించే ముందు ప్రతి ఖానాకు, ప్రతి దిమ్మెకు అదురు రీడింగు ఇవ్వాలన్న ఒక్క షరతును టెండరు కాగితాల్లో చేర్చండి. వంతెన ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. ఈ లేఖలో ఒక్కదాన్నే ఒప్పుకోగలను అని మీరంటే ఆ ఒక్కటి ఇదే కావాలని నా కోరిక.

పాతవాటిలో ఎక్కడ మొదలుపెట్టాలో నాకు ఒక అభిప్రాయముంది. వందల వంతెనలకు ఒకేసారి జీవో ఇస్తే ఏదీ సరిగా జరగదు. నీటి ప్రవాహంలో దిమ్మెలు నిలబడి ఉన్నవి, పునాది లోతు తక్కువని గాని, లోతెంతో రికార్డు లేదని గాని తేలినవి, గ్రావెల్ టిప్పర్లు, ధాన్యం లారీలు తప్పనిసరిగా నడిచేవి: ఈ మూడూ కలిసినవి ముందు. బుడమేరు, తమ్మిలేరు, మున్నేరు మీదివి, వాటి నీళ్ళు పొంగితే దెబ్బతినే కాలువల మీదివి ఆ వరసలో పైన ఉంటాయి. కాలువలు కట్టేసే వేసవి వారాల్లో దిమ్మెల అడుగు దాకా మనిషి దిగి చూడవచ్చు. అప్పుడు చూసిన పునాదికి అప్పుడే తీసిన అంకెను జతచేస్తే, ఆ అంకె ఏ స్థితిని చెబుతోందో ముందుముందు ఎవరికీ అనుమానం ఉండదు. కాబట్టి మొదటి విడత తప్పనిసరిగా ఆ వారాల్లోనే జరగాలి.

అంకెలను దాచిపెట్టవద్దని కూడా అడుగుతున్నాను. వంతెన పక్కన బరువు పరిమితి బోర్డు పెట్టినట్టే, దాని పరీక్ష ఎప్పుడు జరిగింది, పాత అంకె ఎంత, కొత్త అంకె ఎంత అన్నది మండల ఆఫీసులో ఎవరైనా చూసేలా ఉంచండి. జనం భయపడతారని కొందరు అధికారులు సంకోచిస్తారు. ఏమీ తెలియనప్పుడే జనానికి ఎక్కువ భయం. అంకె తగ్గిందని, అందుకే నెలరోజులు లారీలు వేరే దారిన పోవాలని చెబితే, ఇక్కడి రైతు, లారీ ఓనరు అర్థం చేసుకుంటారు. మోటారు బేరింగు పలుకు మారితే దాన్ని ఆపేసే మనుషులు వాళ్ళు.

చివరిగా ఒక చిన్న సాంకేతిక విషయం. ప్రతి పరీక్షకూ నివేదికలో ఒక అంకె, కింద సంతకం పెట్టి ఊరుకోవద్దు. సెన్సరు రాసుకున్న పూర్తి ఊపును, సెకనుకు వందలసార్లు తీసిన ఆ ముడి రీడింగులను యథాతథంగా, ఏ కంపెనీ సాఫ్ట్‌వేరూ లేకుండా తెరుచుకునే ఫైలుగా శాఖ సర్వర్‌లో ఉంచాలి. టెండరులో ఆ ఫైళ్ళ మీద హక్కు ప్రభుత్వానిదే అని రాయాలి. కంపెనీ మారితే పాత ఫైళ్ళు తెరుచుకోక మళ్ళీ మొదటికి వచ్చిన ఉదాహరణలు పరిశ్రమల్లో ఎన్నో ఉన్నాయి. ఇరవై ఏళ్ళ తర్వాత ఈ ఊపును ఇంతకన్నా బాగా చదివే పద్ధతులు వస్తాయి. అప్పటి ఇంజనీరుకు మన సారాంశం సరిపోదు, మనం విన్నదంతా కావాలి.

మీ శాఖ ఒక జట్టును వేసి బాపులపాడు మండలంలో నాలుగు వంతెనలతో మొదలుపెడితే, రీడింగులు తీయడానికి, పిల్లలకు చదవడం నేర్పడానికి నేను జీతం లేకుండా వస్తాను. నాతో పనిచేసి రిటైరైన మరికొందరు కూడా వస్తామన్నారు.

భవదీయుడు,
విశ్రాంత టర్బైన్ మెయింటెనెన్స్ ఇంజనీరు,
హనుమాన్ జంక్షన్.